షాక్, స్టూక్, థ్రేవ్: కోతల కాలం నాటి ఇంగ్లీషు మాటలు – అర్థం, పుట్టుక

గోదారిగట్టు
పాత అమెరికన్ వ్యవసాయ రాతల్లో గోధుమ కోతల దగ్గర "షాక్" అన్న మాట పదే పదే తగులుతుంది. "గోధుమ ఇంకా షాక్‌లోనే ఉంది", "గాలివానకి షాకులు పడిపోయాయి" ఇలా. కరెంటు షాక్‌కీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా? అదే సందర్భంలో బ్రిటిష్ వాళ్ళు "స్టూక్" అంటారు. రెండూ ఒకటేనా? అనువాదంలో పన అనాలా, కుప్ప అనాలా, మోపు అనాలా? పొలం పని తెలిసినవాళ్ళూ భాష తెలిసినవాళ్ళూ ఇద్దరూ చెప్తే బాగుంటుంది.

నిఘంటుప్రియ
చుట్టరికం లేదండీ. ఒకే స్పెల్లింగుతో రెండు వేర్వేరు మాటలు.

కోతల షాక్ పాతది. 14వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో కనబడుతుంది. పొలంలో ఆరడానికి ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన పనల (కోసి కట్టిన పైరు కట్టల) గుంపు అని అర్థం. దీని దాయాదులు జర్మన్, డచ్ వైపు ఉన్నాయి. మధ్యయుగపు ఉత్తర జర్మన్ యాసలో "షోక్" అంటే పనల గుంపు, అరవై వస్తువుల లెక్క కూడా.

కుదుపు, దెబ్బ అనే షాక్ 16వ శతాబ్దంలో ఫ్రెంచి "షోక్" నుంచి వచ్చింది. మొదట్లో దాని అర్థం రెండు సైన్యాలు ఢీకొనడం. 1740ల్లో లేడెన్ జాడీతో (విద్యుత్తుని నిలవచేసే గాజు పాత్ర) ప్రయోగాలు మొదలయ్యాక విద్యుత్తు దెబ్బకి ఆ మాటే వాడారు. మన ఇళ్ళల్లో కొట్టే షాక్ ఆ కొమ్మకి చెందింది.

స్టూక్ మూడో మాట. 15వ శతాబ్దం నాటిది, ఇదీ ఉత్తర జర్మన్ వైపు నుంచి వచ్చిందే. అక్కడ "స్టూకె" అంటే కట్ట, గుట్ట. స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్, ఐర్లండ్ వాళ్ళు స్టూక్ అన్నారు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల షాక్. అమెరికా షాక్‌ని పట్టుకుంది, కెనడా ప్రెయిరీ (గడ్డిమైదానాల) ప్రాంతం స్టూక్‌ని పట్టుకుంది. పొలంలో కనిపించే వస్తువు మాత్రం ఒకటే.

కళ్ళం
పని సంగతి నేను చెప్తాను. అది తెలియకపోతే షాక్‌కి కుప్ప అని రాసేస్తారు, అర్థం తప్పిపోతుంది.

గోధుమని పూర్తిగా ఎండకముందే, గింజ గట్టిపడి గడ్డిలో ఇంకా కాస్త పచ్చదనం ఉండగానే కోస్తారు. బాగా ఎండనిస్తే కోతలోనే గింజ రాలిపోతుంది. ఓట్స్‌ని ఇంకాస్త ముందే కోస్తారు. కోసిందాన్ని చేతికి ఇమిడేంత పన కట్టాలి. కట్టడానికి తాడు వాడేవారు కాదు. ఆ గడ్డిలోంచే రెండు పిడికిళ్ళు తీసి, కంకుల వైపు రెండింటినీ మెలిపెట్టి ముడేస్తే పొడుగాటి వెంటి తయారవుతుంది. దాన్ని పన నడుముకి చుట్టి, కొసలు మెలేసి కిందికి దోపుతారు. ముడి వెయ్యరు, మెలికే పట్టి ఉంచుతుంది.

ఇక నిలబెట్టడం. చంకకొకటి చొప్పున రెండు పనలు తీసుకుని, మొదళ్ళు నేలకి గట్టిగా దిగేలా పొడిచి, కంకుల తలలు రెండూ కలిసేలా ఆనించాలి. కింద ఎడం రెండడుగులు ఉంటే చాలు. ఈ మొదటి జత ఇంకే ఆధారమూ లేకుండా నిలబడాలి, షాక్ మొత్తానికి ఆయువుపట్టు అదే. తర్వాతి జతల్ని దానికి అటూ ఇటూ పెడతారు. అయితే వాటి బరువు మొదటి జత మీద మోపకూడదు, ప్రతి జతా తనంతట తానే నిలవాలి. బద్ధకించి ఆనిస్తే గాలి వచ్చినప్పుడు వరసంతా ఒకేసారి ఒరిగిపోతుంది. మొదళ్ళు మరీ దగ్గరగా పెడితే పడిపోతుంది. మరీ ఎడంగా పెడితే తలలు కుంగి, వాననీళ్ళు జారకుండా నడుములోకి దిగుతాయి.

వరస ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దున ఒక పక్కకీ సాయంత్రం ఒక పక్కకీ ఎండ సమంగా తగులుతుంది. మధ్యలో సొరంగంలా ఖాళీ ఉంటుంది కదా, గాలి దాంట్లోంచి దూరిపోతుంది. ఆరబెట్టే పని ఎండ కంటే ఆ గాలే ఎక్కువ చేస్తుంది.

చొప్పమోపు
ఎన్ని పనలకి ఒక షాక్ అండీ? ఒక్కోచోట ఒక్కో లెక్క కనబడుతోంది.

కళ్ళం
ఆరు నుంచి పన్నెండు దాకా. పంట పచ్చిగా, కలుపు ఎక్కువగా ఉంటే ఆరే పెట్టాలి, గాలి ఆడుతుంది. పొడిగా ఉంటే పది, పన్నెండు. వానలు ఎక్కువ పడే చోట పైన ఇంకో రెండు పనల్ని విసనకర్రలా విడదీసి టోపీలా కప్పుతారు. స్కాట్లండ్‌లో ఆ కప్పుడు పనని "హట్టక్" అంటారు, చిన్న టోపీ అని అర్థం. అమెరికాలో గోధుమ షాక్‌కి ఈ కప్పు మామూలే. మరీ తడి సీజన్ అయితే షాక్ జోలికే పోకుండా, ఒక్కొక్క పననీ కంకుల దగ్గరికి పైన కట్టి, మొదళ్ళని పావడాలా విప్పి విడివిడిగా నిలబెట్టేవారు. స్కాట్లండ్‌లో దీని పేరు "గేట్".

నిఘంటుప్రియ
లెక్క దగ్గరికే వస్తున్నాను, ఈ మాట చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

జర్మన్‌లో షోక్ అంటే కచ్చితంగా అరవై. గుడ్లు అలా అమ్మేవారు. డేనిష్, స్వీడిష్ భాషల్లోనూ ఇదే మాట అరవైకి ఉంది. జర్మన్ షోక్‌లో నాలుగో వంతు "మాండెల్", పదిహేను. పొలంలో పనల్ని లెక్కపెట్టేది కూడా మాండెల్‌తోనే. చెక్, పోలిష్ భాషల్లో "కోపా" అంటే అరవై, దానికే గడ్డి కుప్ప అనే అర్థం కూడా ఉంది. జర్మన్ మాటకీ స్లావిక్ మాటకీ రక్తసంబంధం లేదు. అయినా రెండు చోట్లా పొలంలో గుట్టకి పెట్టిన పేరు అంకెకి పేరైంది. మనం తమలపాకుల్ని కట్టల్లో కొంటాం కదా, అదీ ఈ తోవలోదే. కాకపోతే కట్టకి ఎన్ని ఆకులన్నది మనకి ఊరూరికీ మారుతుంది, వాళ్ళకి అరవై దగ్గర స్థిరపడిపోయింది.

ఇంగ్లీషు షాక్‌లో ఈ అరవై లెక్క నిలవలేదు. వ్యాపారంలో అక్కడక్కడా వాడారు గానీ పొలంలో మాత్రం గుట్ట అనే అర్థమే మిగిలింది.

ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో లెక్కకి వేరే మాట ఉంది: "థ్రేవ్". ఇది వైకింగుల భాష నుంచి వచ్చింది, డేనిష్‌లో ఇప్పటికీ "ట్రావె" ఉంది. మామూలుగా రెండు స్టూకులు ఒక థ్రేవ్, అంటే 24 పనలు. కానీ మధ్యయుగాల్లో యార్క్‌లోని సెయింట్ లెనర్డ్ ఆసుపత్రికి ప్రతి నాగలికీ ఏటా ఒక థ్రేవ్ ధాన్యం చెల్లించే ఆనవాయితీ ఉండేది, దాన్ని "పీటర్‌కార్న్" అనేవారు. అక్కడి థ్రేవ్ 20 పనలు. కాబట్టి పాత పత్రాల్లో థ్రేవ్ కనబడగానే 24తో హెచ్చవేయకండి, ఏ ఊరి పత్రమో ముందు చూడండి.

రెండోపంట
పది పనల షాక్‌కి ఇంకో ఉపయోగం ఉంది. చర్చికి పదో వంతు పంట ఇవ్వాల్సిన కాలంలో షాక్‌కి పది పనలు పెడితే, వసూలుకి వచ్చినవాడు పొలంలోనే లెక్క తేల్చుకునేవాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1836 చట్టంతో పంట రూపంలో ఇచ్చే ఆ పద్ధతి పోయి డబ్బు చెల్లింపుగా మారింది.

బైబిల్‌పాఠకురాలు
1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఈ షాక్ రెండు చోట్ల ముఖ్యంగా కనిపిస్తుంది. యోబు 5:26లో, నిండు వయసులో సమాధికి చేరడాన్ని కాలం వచ్చినప్పుడు ఇంటికి చేరే ధాన్యపు షాక్‌తో పోల్చారు. తెలుగు బైబిల్లో అక్కడ "ధాన్యపు పనలు" అని ఉంది. రెండోది న్యాయాధిపతులు 15:5, సమ్సోను నక్కల తోకలకి దివిటీలు కట్టి ఫిలిష్తీయుల పంట తగలబెట్టిన చోటు. అక్కడ షాకులు వేరు, ఇంకా కోయని పైరు వేరు అని ఇంగ్లీషు విడదీసి చెప్తుంది.

ఈ రెండు చోట్లా ఇంగ్లీషులో "షాక్ ఆఫ్ కార్న్", "స్టాండింగ్ కార్న్" అని చూసి మొక్కజొన్న అనుకోకూడదు. ఆ కాలపు ఇంగ్లీషులో కార్న్ అంటే ధాన్యం, అంతే. ఇంగ్లండ్‌లో గోధుమ, స్కాట్లండ్‌లో ఓట్స్. మొక్కజొన్న అన్న అర్థం అమెరికాలో స్థిరపడింది.

చొప్పమోపు
మరి "షాక్ ఆఫ్ హెయిర్" అంటారు కదా, చింపిరి జుట్టుకి? దువ్వెన తగిలితే షాక్ కొడుతుందని కాదు కదా!

నిఘంటుప్రియ
కాదండీ. దానికి రెండు దారులు చెప్తారు. ఒకటి, నిలబెట్టిన పనల్లా పైకి లేచిన జుట్టు అని. రెండోది, 17వ శతాబ్దంలో ఒత్తుగా బొచ్చు ఉండే ఒక రకం కుక్కని "షాక్ డాగ్" అనేవారు, దాన్నుంచి అని. నిఘంటువులు ఏదో ఒకదాన్ని ఖాయం చెయ్యలేదు. కాలక్రమం చూస్తే కుక్క వైపే మొగ్గు కనిపిస్తుంది నాకు. బొచ్చుకీ జుట్టుకీ దూరం తక్కువ.

డెట్రాయిట్‌తెలుగు
అమెరికాలో అక్టోబరు వచ్చేసరికి దుకాణాల ముందు గుమ్మడికాయల పక్కన ఎండిన మొక్కజొన్న చొప్ప కట్టలు అమ్ముతారు. వాటినీ కార్న్ షాక్ అంటారు. కొందరు "కార్న్ షక్" అని రాస్తారు, అది తప్పు. షక్ అంటే కండె చుట్టూ ఉండే పొట్టు, డొక్క. షాక్ అంటే చొప్పని నిలబెట్టిన గూడు. ఈ రెండూ తారుమారైతే అనువాదం పూర్తిగా చెడుతుంది.

మొక్కజొన్న షాక్ కట్టే తీరు గోధుమకి పూర్తిగా వేరు. దీంట్లో పన ఉండదు. ముందు కొయ్యకుండా వదిలిన నాలుగు మొక్కల గుంపుల (ఒకేచోట కలిసి పెరిగిన మొక్కలు) తలల్ని వంచి ఒకచోట మెలేస్తారు. అవి వేళ్ళతో నేలలో ఉన్నాయి కాబట్టి గుంజల్లా పనికొస్తాయి. చుట్టుపక్కల మొక్కల్ని కత్తితో కోసుకొచ్చి, నాలుగు వైపులా సమంగా, గుండ్రంగా ఆనిస్తూ పోతారు. చివరికి పైభాగాన్ని తాడుతో బిగించి కడతారు. ఒక వైపే ముందు నింపేస్తే ఎండే కొద్దీ అటే వాలిపోతుంది.

కొలత "పన్నెండు గుంపుల చదరం" అంటారు, పన్నెండు వరసలు, వరసకి పన్నెండు గుంపులు, మొత్తం 144. పాత పద్ధతిలో గుంపుకీ గుంపుకీ మూడున్నర అడుగులు. అంటే ఒక షాక్‌కి 42 అడుగుల చదరం నేల, ఎకరానికి దాదాపు 25 షాకులు. పాత రాతల్లో ఎకరానికి ఎన్ని షాకులో రాసి ఉంటే, చదరం ఎంతదో ఇలా వెనక్కి లెక్క కట్టొచ్చు. పెన్సిల్వేనియా, ఒహాయోలలో ఆమిష్ రైతులు (పాత పద్ధతుల్లోనే బతికే క్రైస్తవ సమాజం) ఇప్పటికీ కడుతున్నారు.

గోదారిగట్టు
చాలా ఉపయోగంగా ఉంది. షాక్‌లో ఎన్నాళ్ళు ఉంచుతారు? ఏం చూసి తీస్తారు?

కళ్ళం
గోధుమకి వాతావరణం బాగుంటే వారం, పది రోజులు. ఓట్స్‌కి ఇంగ్లండ్‌లో ఒక నానుడి: స్టూక్ మూడు సార్లు చర్చి గంట వినాలని, అంటే మూడు ఆదివారాలు గడవాలని. ఓట్స్ గడ్డిలో, కణుపుల్లో పచ్చి ఎక్కువ. పైకి ఎండినట్టు కనబడుతుంది, లోపల ఎండదు.

పరీక్ష ఎక్కడ చెయ్యాలంటే, వెంటి కింద. పన మొత్తంలో ఆఖరున ఆరేది అక్కడే, బిగించి ఉంటుంది కాబట్టి. వేళ్ళు వెంటి కిందనుంచి మధ్యదాకా దూర్చి చూడాలి. చల్లగా, మెత్తగా తగిలితే ఇంకా పచ్చి ఉన్నట్టే. పచ్చి గడ్డి, క్లోవర్ (పశువుల మేతకి పెంచే మొక్క) కలిసిన పనల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. క్లోవర్ ఆకు పొడిగా రాలుతున్నా కాడ తడిగానే ఉంటుంది.

తొందరపడి పచ్చి పనల్ని పెద్ద కుప్పకెత్తితే లోపల వేడి పుడుతుంది. గింజ రంగు మారి, బూజు వాసన పట్టి, మొలకెత్తే శక్తి పోతుంది. అలాంటి గింజని ఇంగ్లీషులో "మో బర్న్ట్" అన్నారు, కుప్పలో కాలిన గింజ అని. బార్లీ అయితే మాల్టుకి పనికిరాదు, ఎందుకంటే మాల్టు అంటేనే మొలకెత్తించడం.

ఎక్కువ రోజులు వదిలేసినా నష్టమే. వాన ఆగకుండా పడితే కంకిలోనే మొలక వస్తుంది. మొలక మొదలైన గోధుమలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము పెరిగిపోతుంది, ఆ పిండితో చేసిన రొట్టె లోపల జిగురుగా ముద్దకడుతుంది. అందుకని వాన వెలిసిన రోజున షాకుల్ని విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా పనల్ని తిప్పి మళ్ళీ నిలబెట్టాలి. పడిపోయినవాటిని ఆ రోజే లేపాలి, నేలకి తగిలిన కంకే ముందు మొలుస్తుంది.

నిఘంటుప్రియ
ఆ "మో" గురించి ఒక్క మాట. గడ్డి కోయడానికీ "మో" అంటారు, కుప్పకీ "మో" అంటారు. ఇవీ షాక్‌లాగే రెండు వేర్వేరు మాటలు, పాత ఇంగ్లీషులోనే వేర్వేరు రూపాలతో ఉన్నాయి. పలికే తీరు కూడా తేడా, కుప్ప అయితే "మౌ" అని పలుకుతారు. కాబట్టి కళ్ళం గారూ, అది "మౌ బర్న్ట్".

రెండోపంట
మన దగ్గర వరిని ఇలా ఎందుకు నిలబెట్టరు అని ఎవరైనా అడుగుతారు, నేనే చెప్పేస్తాను. కోస్తాలో కోసిన వరిని పనలుగా చేలోనే పరుస్తాం. ఖరీఫ్ కోతలప్పుడు మామూలుగా ఎండ బాగా ఉంటుంది, నాలుగైదు రోజుల్లో పన ఆరిపోతుంది. నిలబెట్టే శ్రమ అక్కర్లేదు. ఇంగ్లండ్ ఆగస్టు, సెప్టెంబరులకి ఆ హామీ లేదు.

ఆ హామీ మనకీ తప్పేది నవంబరు, డిసెంబరు తుపానులప్పుడే. పరిచిన పన నీళ్ళలో నానితే గింజ మొలకెత్తుతుంది. అప్పుడు ముందు నీళ్ళు తీసి, పనల్ని గట్ల మీదికి చేర్చి తిరగెయ్యాలి, 5 శాతం ఉప్పు ద్రావణం కంకుల మీద పడేలా పిచికారీ చెయ్యాలి. లీటరు నీళ్ళకి 50 గ్రాముల కల్లుప్పు. మొలక రాకుండా ఆపడానికే ఇది. వచ్చేసిన మొలకని వెనక్కి తీసుకోదు, అందుకని వాన తెరిపి ఇచ్చిన వెంటనే చెయ్యాలి.

నిజంగా షాక్‌కి దగ్గరగా ఉండేది మన నువ్వు చేలో. నువ్వు కట్టెల్ని కోసి కట్టలు కట్టి, తలలు పైకి ఉండేలా ఒకదానికొకటి ఆనించి చాలాచోట్ల నిలబెడతారు. నువ్వు కాయ కొస దగ్గర విచ్చుకుంటుంది. పడుకోబెడితే గింజ నేలపాలు, నిలబెడితే కాయలోనే ఉంటుంది. ఆరాక పట్టా మీదికి తెచ్చి తలకిందులు చేసి దులుపుతారు. గోధుమని నీళ్ళు జారిపోవాలని నిలబెడితే, నువ్వుని గింజ జారిపోకూడదని నిలబెడతారు.

బైబిల్‌పాఠకురాలు
అయితే అనువాదానికి ఏ మాట వాడమంటారు? తెలుగు బైబిల్లో "పనలు" అన్నారు గానీ పన అంటే షీఫ్ కదా, ఒక్కటి.

కళ్ళం
కుప్ప మాత్రం వద్దు. కుప్పకి సరైన ఇంగ్లీషు రిక్, స్టాక్. ఆరిన పనల్ని తెచ్చి, కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి పెట్టి, నెలల తరబడి నిలవ ఉండేలా వేసేది కుప్ప. ఇంగ్లండ్‌లోనూ ఇలాగే వేసి, కింద ఎలుకలు ఎక్కకుండా పుట్టగొడుగు ఆకారపు రాళ్ళు పెట్టేవారు. షాక్ ఉండేది కోతకీ కుప్పకీ మధ్య కొన్ని రోజులు. షాక్‌ని కుప్ప అని రాస్తే, "షాకుల్ని తోలుకొచ్చి కుప్ప వేశారు" అన్న వాక్యం ఎలా రాస్తారు?

నేనైతే మొదటిసారి వచ్చినచోట "ఆరడానికి నిలబెట్టిన పనలు" అని పూర్తిగా రాసి, తర్వాత "నిలుపు పనలు" అని వాడతాను. లెక్క ముఖ్యమైన చోట షాక్ అనే ఉంచి, ఎన్ని పనలో చెప్పడం మేలు.

నిఘంటుప్రియ
యోబు వాక్యంలో మాత్రం "పనలు" చక్కగా ఉందండీ. అక్కడ విషయం ఇంటికి చేరడం, నిలబెట్టడం కాదు. కళ్ళం గారి పద్ధతి వ్యవసాయ రాతలకి సరిపోతుంది.

గోదారిగట్టు
ఆఖరి సందేహం. ఈ పని పూర్తిగా ఎప్పుడు పోయింది? ఇంకోటి, కొన్ని చోట్ల "షాక్ థ్రెషింగ్" అని ఉంది. నూర్పిడిలో అదొక రకమా?

డెట్రాయిట్‌తెలుగు
కోసి, కట్టి పడేసే బైండరు యంత్రాలు 1870ల్లో వచ్చాయి. మొదట ఇనుప తీగతో కట్టేవి. తీగ ముక్కలు పశువుల మేతలోకీ మరల్లోకీ పోయి ఇబ్బంది పెట్టాయి. జాన్ ఆపిల్‌బీ 1878 ప్రాంతంలో తయారుచేసిన ముడివేసే పరికరంతో పురికొస కట్టు స్థిరపడింది. బైండరు పన కట్టేది గానీ నిలబెట్టేది కాదు, ఆ పని చేతులదే. కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్లు వచ్చాకే షాక్ పోయింది. ఇంగ్లండ్‌లో ఇళ్ళ పైకప్పుకి పొడవాటి గోధుమ గడ్డి కావాలి, కంబైన్ దాన్ని నలిపేస్తుంది. అందుకని 1960ల నాటి మారిస్ విజన్ లాంటి పొడుగు రకాలు పండించేవాళ్ళు ఇప్పటికీ బైండరుతో కోసి స్టూకులు పెడుతున్నారు.

షాక్ థ్రెషింగ్ అంటే కుప్ప వెయ్యకుండా, పొలంలోని షాకుల్ని బండికెత్తి నేరుగా నూర్పిడి యంత్రానికి తోలడం. కుప్ప వేసి తర్వాత నూర్చేది స్టాక్ థ్రెషింగ్. మొదటిదాంట్లో ఒక విడత కూలి మిగులుతుంది, గింజ రాలడం తగ్గుతుంది. కానీ ఊళ్ళో ఒకే యంత్రం వంతులవారీగా తిరిగేది. వంతు ఆఖరున వచ్చే రైతు షాకులు అన్నాళ్ళూ ఎండకీ వానకీ బయటే ఉండేవి. అందుకే ఆఖరి వంతువాళ్ళు చాలామంది కుప్పే వేసుకునేవారు.